నా పాఠాలను నేనే కాపీ కొట్టిన కేసు

కళాశాల విద్య అధికారి గారి సముఖమునకు, తిరుమలగిరి వాస్తవ్యురాలు, డిగ్రీ చివరి సంవత్సరం గణితం విద్యార్థిని స్నిగ్ధ పెట్టుకొను అర్జీ.

విషయం: ఉచిత గణిత సాఫ్ట్‌వేర్ ప్రాక్టికల్‌లో నాపై రాసిన కాపీ కేసు ఎత్తివేయుట, మరియు లెక్చరర్ దశరథం గారిచే ఒక లెక్క చేయించుట గురించి.

అయ్యా,

1. ఆక్టేవ్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ మా సిలబస్‌లో కలదు, నేర్పువారు లేరు. అడిగితే దశరథం సార్ "యూట్యూబ్‌ల సూస్కోండ్రి" అని సెలవిచ్చినారు. చూసినాము. ఒక వీడియోల మనిషి మాట్లాడడు, పాట వస్తది. ఇంకోదాంట్ల మా ల్యాబుల లేని బటన్ నొక్కమంటడు.

2. చివరకు మంచి గురువు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే దొరికినది. హెల్ప్ అని కొట్టి కమాండ్ పేరు రాస్తే అదే వివరం చెప్పును, నెట్ కూడా అక్కర లేదు. నేను, నా దోస్తు జీనత్ అట్లా చదివి, మన మాటల్ల పాఠాలు రాసి క్లాసు వాట్సాప్ గ్రూపుల పెట్టినాము. సదరు గ్రూపులో సార్ కూడా సభ్యులు.

3. సదరు పాఠాలే సార్ పేరున పుస్తకమై అచ్చయినవి. "గీడ", "గట్ల" తీసేసి "ఇచ్చట", "అట్లు" పెట్టినారు. ఉదాహరణలో ఎండిపోయిన మా బాపు బోరు లోతు మాత్రం అట్లనే ఉన్నది. సార్‌కు పొలమే లేదు. ప్రాక్టికల్ నాడు నా రికార్డు తన పుస్తకంతో కలిసిందని కాపీ కేసు రాసినారు. ఆ మార్కులు రాకుంటే నాకు పట్టా రాదు, బీఎడ్ సీటు పోతది. "నేనే రాసిన సార్" అంటే, "వచ్చే ఏడు మళ్ల రాసుకో బిడ్డా, నీకేం తొందర" అన్నారు.

4. ఆ పాఠాల్లో నేనొక తప్పు రాసితిని. సైన్ 30 కొడితే 0.5 రావలసింది మైనస్ 0.988 వచ్చినది. "కంప్యూటర్ ఖరాబైంది, ఫికర్ చెయ్యకుండ్రి, 0.5 అని ఏసుకోండ్రి" అని రాసిన. అసలు కారణం తర్వాత హెల్ప్‌లో దొరికినది. క్లాసుల అందరికీ నోటితోనే చెప్పిన. సార్‌కు చెప్పలేదు. పుస్తకం అచ్చుకు పోతుందని తెలిసే ఊకున్న. నేడు అందులో "యంత్రలోపమున్నచో విద్యార్థులు 0.5 గా వ్రాసుకొనవలెను" అని ఉన్నది. నా రికార్డుల ఆ తప్పు లేదు. నేను కాపీ కొట్టినదాన్నైతే అది కూడా ఉండవలెను గదా. కారణం ఇక్కడ రాయను, ఈ అర్జీ నకలు సార్‌కు పోతది.

కావున తమరు విచారణకు వచ్చిన నాడు, గ్రూపు మెసేజుల తేదీలు చూసే ముందు, క్లాసంతటి ఎదుట సార్‌ను కంప్యూటర్ కాడ కూర్చోబెట్టి, ఆయన పుస్తకం ఆయన చేతికిచ్చి, సైన్ 30 కొట్టించి, అట్లెందుకు వచ్చినదో చెప్పించగలరని ప్రార్థన. పెద్ద తెర నేను కట్టిస్తాను. చిత్తగించి, తేదీ తెలుపవలెను.

తమకు మాత్రమే విధేయురాలు,
స్నిగ్ధ

తా.క.: ఇది చదివి జీనత్ "పాపం పెద్దమనిషే, జర జవాబు చెప్పరాదే" అంటున్నది. చెప్త. ఒక్క లైన్ జవాబు. ముందుగాల సార్ అందరు ఇనంగ "నాకు తెలువదు" అనాలె.