ఎర్రమ్మ బియ్యం గది తాళం

రాజాం

పూజ్యురాలైన అప్పకు,

నీ చెల్లెలు సరోజిని నమస్కరించి రాస్తున్నది. నేనూ మనవరాలు శ్రావణీ ఇక్కడ కులాసా. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో దాచకుండా రాయి. పోయినసారి ‘అంతా బాగే’ అని రాశావు. మన వయసులో అంతా బాగుండడం జరిగే పని కాదు.

నేను పొందూరు వదిలి శ్రావణి దగ్గరకొచ్చి ఆరు వారాలైంది. మేడ మీద రెండు గదుల వాటా, కింద ధాన్యం షావుకారు. ముసురు పట్టి బట్టలు ఆరడం లేదు. కూరలు తాజాగానే దొరుకుతున్నాయి గానీ మధ్యాహ్నం మాట్లాడడానికి మనిషి దొరకదు. అన్నేళ్లు పిల్లల్ని నోరు మూసుకోమన్న పంతులమ్మకు తగిన శాస్తే. బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

శ్రావణి ఆసుపత్రిలో అసలేం చేస్తుందని అడిగావు. ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. అదేమిటో ఇక్కడా ఎవరికీ తెలియదు. షావుకారు ఉద్యోగాలిప్పిస్తుందనుకుని కొడుకు సర్టిఫికెట్లు పట్టుకొచ్చాడు. పెద్ద డాక్టరుగారు వ్యాయామం చేయించే పిల్ల అనుకుంటారు. నేనేం తక్కువ తిన్నానా? చొక్కా గుండీలు పెట్టించడానికి అన్నేళ్ల చదువా అన్నాను. అది పేచీ పెట్టుకోలేదు. “రేపు క్యారేజీ నువ్వే పట్టుకురా మామ్మా” అంది.

వెళ్లాను. అక్కడ ఎర్రమ్మ అని, పక్క పల్లె రైతుల ఇంటి పెద్దావిడ. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. కోడలే తినిపిస్తుంది, కోడలే తల దువ్వుతుంది. ఇంట్లో బియ్యం గది తాళంచెవి ఎప్పుడూ ఎర్రమ్మ రొంటినే ఉండేదట. జబ్బు పడిన రోజే అది కోడలి రొంటికి చేరింది.

శ్రావణి చాటలో బియ్యం పోసి, కుడిచేత్తో వడ్లు ఏరమంది. ఎర్రమ్మ కొడుకు అప్పలనాయుడు మండిపడ్డాడు.

“ఏటమ్మా, మాయమ్మ సేత పని సేయిస్తావేటి? ఇంటికాడ కోడలు నేదా? కరెంటెట్టి సెయ్యి బాగుసేస్తావని తెస్తే!”

అటుగా పోతున్న డాక్టరుగారు కూడా “ఈ ఆటలు మాని బంతి నొక్కించమ్మా” అన్నారు. ఇంకేముంది, రేపట్నుంచి తీసుకురానన్నాడు నాయుడు.

నా నోరు ఊరుకుంటుందా? “ఇంటికెళ్లి మీ అమ్మ బంతి నొక్కుతుందా, అన్నం తింటుందా?” అన్నాను. శ్రావణి నన్ను కళ్లతోనే కసిరి, ఎర్రమ్మ పక్కన కూర్చుంది.

“పెద్దమ్మా, నీ చేత్తో నీకేం చేసుకోవాలనుంది?”

ఆ మాట అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు. కొడుకును చూసింది, కోడల్ని చూసింది.

“బియ్యం గది తాళం నానే తియ్యాల.”

“నానున్నాను కదత్తా, నీకెందుకా యాతన?” అంది కోడలు.

“అదేనే నా యాతన.”

శ్రావణి ఆ తాళాన్నే తెమ్మంది. నాయుడు గొణుక్కుంటూనే “పది రోజులు సూత్తాను” అన్నాడు. మర్నాడు తెచ్చిన తాళాన్ని శ్రావణి బల్లకు బిగించి, తాళంచెవికి గుడ్డ చుట్టి లావు చేసింది. పట్టుకోవడానికే నాలుగు రోజులు. బొటనవేలూ చూపుడువేలూ కలిస్తే గానీ చెవి నిలవదు; వడ్లు ఎందుకు ఏరించిందో నాకప్పుడు తెలిసింది. రోజూ క్యారేజీ వంకతో నేనూ హాజరు.

తొమ్మిదో రోజు తాళం టక్కుమని ఊడింది. ఎర్రమ్మ చెవి లాగి రొంటిన దోపుకుంది. కోడలు అలవాటుగా చెయ్యి చాపింది.

“ఏటే, సెయ్యి సాపుతున్నావు? బియ్యం కావాలంటే అడుగు, కొలిసిస్తాను.”

నాయుడు కాసేపు తల గోక్కున్నాడు. తరువాత శ్రావణిని అడిగాడు: “అమ్మా, రేపెన్ని గంటలకి తేవాల?”

డాక్టరుగారు మాత్రం ఇంకా ‘ఆటలు’ అనే అంటున్నారు. చదువుకున్నవాళ్లకు అర్థం కావడానికి కొంచెం ఎక్కువ కాలం పడుతుంది, నన్ను చూడలేదూ?

మీ అటక మీద పాత తాళాలు, గుండీల చొక్కాలు ఉంటే ఇటొచ్చేవాళ్ల చేత పంపు. శ్రావణికి పనికొస్తాయి. పిల్లలకు నా ఆశీస్సులు. మా ఇద్దరికీ నీ దీవెనలు కావాలి. బావగారికి నమస్కారాలు. ఆయన మంచినీళ్ల గ్లాసు రేపట్నుంచి ఆయన్నే తెచ్చుకోమను. ఆయన చేతులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

నీ చెల్లెలు
సరోజిని