నిద్రపోయిన నా కూతురికి వేసిన గైర్హాజరు గురించి

తల్లిదండ్రులను ఉద్యోగాలకు సిద్ధం చేయు కార్యాలయం పై అధికారి గారికి,
బర్నీ, టాస్మేనియా.

అయ్యా,

విషయం: గత గురువారం గ్రంథాలయంలో జరిగిన పిల్లల కథల గంటకు నా కుమార్తె రోవెనా లిలికో రాలేదని గుర్తు వేసి, ఆమె భత్యం నిలిపివేసిన సంగతి, సదరు గుర్తు రద్దు చేయించమని వేడికోలు.

నేను మెర్విన్ లిలికో అనువాడను. వయస్సు డెబ్బై మూడు. ఇక్కడి కాగితం మిల్లు మూతపడే వరకు అందులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసినవాడను. కాగితం చేయడం వచ్చు గానీ దాని మీద రాయడం అంతగా రాదు, తప్పులుంటే మన్నించాలి. ఇంకొక సంగతి. ఈ అర్జీ రాస్తున్న మనిషి మహా సంతోషంలో ఉన్నాడు. ఫిర్యాదు చేసుకొనేవాడు సంతోషంగా ఉండకూడదని తెలుసు, ఆపుకోలేకపోతున్నాను. కారణం మూడవ అంశంలో వస్తుంది.

1. నా కుమార్తె మూడేళ్ల పాప టిల్లీని ఒంటరిగా పెంచుకొంటున్నది. పాపకు ఉబ్బసం. పద్నాలుగు నెలల క్రితం తమ వారు ఆమెను పథకంలో చేర్చారు. చేరకపోతే భత్యం లేదన్నారు గనుక చేరినది. మంగళవారం టైపు తరగతి. పదిహేను రోజులకొకసారి తమ కార్యాలయంలో ముఖాముఖి. గురువారం పాపతో కలిసి కథల గంట. ప్రతిదానికీ వెళ్లానని ఆ రోజే ఫోనులో మీట నొక్కాలి. కథలు వినడం మంచిదే, కాదనను. మా చిన్నప్పుడు మేమూ విన్నాం. వినకపోతే అన్నం పెట్టనని మా అమ్మ మాత్రం ఎన్నడూ అనలేదు.

2. ఈ పద్నాలుగు నెలల్లో ఆమె సగమైపోయినది. ఒక పక్క పాప దగ్గు, మరో పక్క తమ మీట. దువ్వెన నిండా జుట్టు. ముప్పై రెండేళ్లకే నడుము చుట్టూ సర్పి లేచినది. పాపకు జ్వరం కాస్తున్న రోజున కూడా దుప్పటి చుట్టుకొని రెండు బస్సులు మారి తమ కార్యాలయానికి వచ్చినది, రాకపోతే ఏం చేస్తారోనని. డాక్టరు పాస్కో గారు "ఈమెకు కావలసినది నిద్ర" అని చీటీ రాసిచ్చారు. అది చెల్లదట, తమ ఫారం మీదనే రాయాలట. ఆ ఫారం తీసుకోవడానికి ముందుగా సమయం అడగాలట. పథకం పుస్తకంలో మొదటి పుటలోనే "తల్లి క్షేమం" అని పెద్దక్షరాలు, పక్కన నవ్వుతున్న ఒక అమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయికి పిల్లలు లేరని నా అనుమానం.

3. గత గురువారం ఉదయం తొమ్మిదికి నేను వెళ్లేసరికి రోవెనా సోఫాలో కూర్చుని బూట్లు తొడుక్కొంటున్నది. ఒకటి తొడిగినది. రెండవది చేతిలో పట్టుకొని అలాగే నిద్రపోయినది. లేపుదామని చెయ్యి చాచాను. ఆ మొహం చూసి వెనక్కి తీసుకొన్నాను. అయ్యా, ఇది నా నేరం, ఆమెది కాదు. ఫోను మోగి లేపుతుందని దాన్ని రొట్టెల డబ్బాలో పెట్టి మూత వేశాను. అదీ నా నేరమే.

పాపను నేనే తీసుకువెళ్లాను. గ్రంథాలయంలో కథలు చెప్పే నోరీన్ నన్ను చూసి, "ఏం మెర్వ్, నువ్వొచ్చావు? రోవెనా ఏది?" అన్నది.

"నిద్రపోతోంది."

"నిజంగానా! అయితే గట్టిగా మాట్లాడకు," అన్నది, ఇల్లు పన్నెండు వీధుల అవతల ఉన్నా.

హాజరు పుస్తకంలో నిజాయితీగా నా పేరే రాశాను. కూతురి పేరు రాసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదని తరువాత తెలిసినది. పిల్లల దిండు మీద కూర్చుని, బూట్లు పోగొట్టుకొన్న బాతు కథ పూర్తిగా విన్నాను. నన్ను లేపడానికి ఇద్దరు తల్లులు చెరో చెయ్యి పట్టవలసి వచ్చినది.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు. నిద్రే. మూడయినది. నిద్రే. టిల్లీ పెదవుల మీద వేలు పెట్టుకొని తన బొమ్మలను కూడా గదమాయించినది. రోవెనా ఐదింటికి లేచి, "నాన్నా, ఇవాళ ఏం వారం?" అన్నది. చేతిలో బూటు చూసుకొని నవ్వినది. అయ్యా, నవ్వినది! రెండు గుడ్లు, నాలుగు రొట్టె ముక్కలు తిన్నది, నా పళ్లెంలోది కూడా. నేను అటు తిరిగి గిన్నెలు కడుగుతున్నట్టు కుళాయి తిప్పుకొన్నాను.

4. మర్నాడు గైర్హాజరని ఫోనుకు సందేశం వచ్చినది. తమ కార్యాలయానికి ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎత్తినది, సంగతంతా చెప్పాను.

"మెర్విన్ గారూ, తల్లే రావాలండీ."

"కథ పాప కోసమే కదమ్మా? పాప వచ్చింది కదా?"

"పాప వచ్చిందండీ. హాజరు మాత్రం తల్లిది."

"పోనీ, తాత వచ్చాడని వేసుకో."

"కంప్యూటర్లో తాతకి గడి లేదండీ." గొంతు తగ్గించి, "పై వాళ్లకి అర్జీ పెట్టుకోండి. నేను చెప్పానని మాత్రం అనకండి," అన్నది. అందుచేత ఆ అమ్మాయి పేరు రాయడం లేదు.

5. ఆ సందేశం చూసినది మొదలు రోవెనాకు మళ్లీ నిద్ర లేదు. ఇప్పుడు బూట్లతోనే పడుకొంటున్నది.

కావున తమరు దయయుంచి ఆ గుర్తు తీసివేసి, భత్యం తిరిగి ఇప్పించి, డాక్టరు గారి చీటీ ప్రకారం ఆమె ఒళ్లు కుదుటపడే వరకు సెలవు మంజూరు చేయవలెను. గుర్తు ఎవరికో ఒకరికి వేయక తప్పదంటే నాకు వేయండి. ముసలివాడి ఈ మొరను ఒక్క నిమిషం కూర్చుని చిత్తగించవలెను.

తమ విధేయుడు, టిల్లీ తాత,
మెర్విన్ లిలికో

తా.క. ఆ సాయంత్రం గుడ్లు తింటూ ఉండగా టిల్లీ బాతు కథ మొత్తం వాళ్లమ్మకు చెప్పినది. బూట్లు చెరువులో దొరికే చోటు రెండుసార్లు చెప్పినది. రోవెనా ఫోను ఏదని అడగకుండా చివరి వరకూ విన్నది. తల్లీ బిడ్డా కలిసి కథ వినాలన్నదే కదా తమ నియమం? విన్నారు. నేను సాక్షిని. మీట నొక్కడమే మరిచాం, ఫోను అప్పటికి ఇంకా రొట్టెల డబ్బాలోనే ఉన్నది.

వచ్చే గురువారం కూడా ఆమె నిద్రపోతే నేను లేపను. ముందుగానే చెప్పుకొంటున్నాను.