నెమలికంఠం రంగు గోచీ చీర

మంచిర్యాల, 1961
మాఘమాసం, ఆదివారం రాత్రి

ఈ రోజు నిద్ర పట్టేలా లేదు. పొద్దున మా వదిన సత్తెమ్మతో కలిసి బజారులోని కొత్త బట్టల దుకాణానికి వెళ్లాను. వైశాఖంలో చిన్నోడి పెళ్లికి మా ఇద్దరికీ చీరలు కావాలి. అద్దాల బీరువాలో ఉన్న నెమలికంఠం రంగు చీర చూపించమన్నాను.

"కోడలికా, అవ్వా?" అన్నాడు సేటు.

"నాకే."

ఆయన నవ్వు ఆపుకుంటూ బూడిద రంగువి, కాఫీపొడి రంగువి తెచ్చి మా ముందు పరిచాడు. "గోచీ కట్టేటోళ్లకు తొమ్మిది గజాలల్ల గివే వస్తయి. గా రంగులన్నీ ఆరు గజాలే."

"వస్తలేవా, నువ్వు తెప్పిస్తలేవా?" అని అడిగింది వదిన. "ముసలోళ్లమైతే మా కండ్లకు రంగులు కనవడయా?"

మా పక్కన కూర్చున్న బెల్లంపల్లి పెద్దామె చేతిలోని బూడిద రంగు చీర కింద పెట్టేసింది. "నాకు మిరపపండు రంగు కావాలె సేటూ. లేకుంటే నేను పోత" అంది. ఆమె వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లూ లేచి నిలబడ్డారు. అప్పుడు సేటు ముఖం చూడాలి! ఎవరికే రంగు కావాలో అడిగి, నేతవాళ్లకు చెప్పి ఉగాదికల్లా నేయిస్తానని ఒప్పుకున్నాడు.

ఇంటికి వస్తుంటే మాత్రం గుబులు పట్టుకుంది. పెళ్లిలో వియ్యాలవారు నవ్వితే? వదినతో అదే అన్నాను.

"నవ్వేటోళ్లు ఎట్లయినా నవ్వుతరు. బూడిద రంగు కట్టుకొని నవ్విచ్చుకునుడెందుకు?" అంది.

నిజమే. రవికెకు పసుపైతే బాగుంటుందా, లేక...