పార్టీ మారిన బావ

ఆదివారం, టూంగాబీ, ఆస్ట్రేలియా

మధ్యాహ్నం టెక్సస్ నుంచి అక్క, బావ ఫోన్ చేశారు. ఇరవై ఏళ్లు ఒకే పార్టీకి ఓటేసిన బావ, కిందటి ఎన్నికల్లో వలసలు ఆపుతామన్న రెండో పార్టీలో చేరి ఇంటింటికీ తిరిగాడు. నిన్న ఆ పార్టీ మీటింగులోనే ఒకడు, "ముందు నీలాంటివాళ్లనే వెనక్కి పంపించాలి," అన్నాడట. అందరూ నవ్వారట.

"వాళ్లంతా మనవాళ్లే అనుకున్నాన్రా," అని బావ ఏడ్చాడు.

"నువ్వు ఊరందరికీ చెప్పిన మాటే కదా బావా, వాళ్లు నీకు చెప్పారు," అని నేనూ నవ్వాను. అక్క ఫోన్ పెట్టేసింది.

"డాడ్, దట్ వాజ్ సో మీన్," అంది పక్కనే ఉన్న నా కూతురు.

నిజమే. అయినా ఆ ఏడుపు వింటుంటే నాకు హాయిగా అనిపించింది. వచ్చే శనివారం ఇక్కడ నేను ఓటేయబోయేదీ వలసలు ఆపుతామన్నవాళ్లకేనని ఇంట్లో ఇంకా చెప్పలేదు.