కోచ్ గారు తనమీద వేసుకున్న మాట

క్యారీ,
నవంబరు 18.

ప్రియమైన జూడ్ గారికి,

దేవుని దయవల్ల నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. ఫ్రిస్కోలో మీరూ మన అనికా అలాగే ఉన్నారని మీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను. ఫోనులో మాట్లాడితే అనిక పక్కనే ఉండి వింటుంది. అందుకే ఈసారి నేనూ కాగితమే తీసుకున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు రెండు ఆదివారాలుగా వెళ్లలేదు. జ్ఞానమ్మ ఆంటీ అడుగుతూనే ఉన్నారు. అనిక స్కూల్ ప్రోగ్రాంకి రాగలనో లేదో శుక్రవారం దాకా చెప్పలేను. ఆ రోజే మా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ గ్రేడీ గారిని ఉంచాలో పంపాలో అథ్లెటిక్ డైరెక్టర్ తేలుస్తారు.

"ఆట ఓడితే ఉద్యోగం పోతుందా?" అని రాశారు. ఇక్కడ పోతుంది. కోచ్ వెళ్తే ఆయన తెచ్చుకున్నవాళ్లంతా వెళ్తారు. ఆటగాళ్ల దెబ్బలు చూసే ట్రైనర్‌గా నన్ను తెచ్చిందీ ఆయనే. అప్పుడు నా హెచ్-1బికి మిగిలేది అరవై రోజులు. ఆపైన మీ వీసా మీద ఫ్రిస్కోలో ఉండగలను గాని, ఈ పని చేయలేను. అయినా నన్ను ఇంతగా అలసిపోయేలా చేస్తున్నది అది కాదు.

ఈ నెల ఎనిమిదిన క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరే ముఖ్యమైన ఆటగాణ్ణి, కోచ్ పంతంకొద్దీ ఆడించకుండా కూర్చోబెట్టారని పేపర్లు రాశాయి. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. విలేకరులతో ఆయన "అది నా నిర్ణయం" అని మాత్రమే అన్నారు. ఆయనది కాదు జూడ్ గారూ, నాది.

అంతకుముందు ఆటలో అతని తలకు దెబ్బ తగిలింది. ఆగస్టులో అందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి మార్కులు దాచుకుంటాం. దెబ్బ తగిలాక మళ్లీ పెట్టి పోల్చి చూస్తాం. మార్కులు బాగా తగ్గాయి, వద్దన్నాను. నేను వద్దంటే కోచ్ కూడా ఆడించకూడదు. ఆట మర్నాడు, ఆదివారం, ఫైలు సర్దుతుంటే తెలిసింది: నేను పోల్చినది, అదే జట్టులో ఉన్న అతని తమ్ముడి ఆగస్టు కాగితంతో. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. అతను ఆడగలిగే స్థితిలోనే ఉన్నాడు. పదకొండేళ్లలో పేరు రెండోసారి చదవకపోవడం అదొక్కసారే.

వెంటనే వెళ్లి కోచ్ గారికి చెప్పాను. "నన్ను పంపేస్తారని మూడేళ్లుగా అంటున్నారు షెరిన్, నా భార్య సామాను సర్దే అట్టపెట్టెలు పారేయడం కూడా మానేసింది" అని నవ్వారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "నువ్వు పొరబడ్డావని బయటపడితే, రేపు నీ చోట ఎవరు వద్దన్నా ఆ మాట చెల్లదు. పిల్లలు దెబ్బతోనే ఆడతారు. దీన్ని నా మీదే ఉండనీ."

తొమ్మిది రోజులు ఉండనిచ్చాను. రోజూ మాట్లాడుతూ కూడా మీ దగ్గర దాచాను, క్షమించండి.

ఈ ఉదయం ఇంకొక ఆటగాణ్ణి వద్దన్నాను. అతను ఎందుకని కూడా అడగలేదు. హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టి, వెళ్లి కూర్చున్నాడు. నా మాటను అంతగా నమ్మేవాళ్ల దగ్గర ఇక దాచలేననిపించింది. మధ్యాహ్నం జరిగినదంతా రాసి, రెండు ఆగస్టు కాగితాలూ జతచేసి డైరెక్టర్‌కు ఇచ్చాను. ఇకమీద ప్రతి కాగితం మీద పేరును ఇద్దరు చదివి సంతకం చేయాలని కూడా రాశాను. కోచ్ గారికి రేపు ప్రాక్టీసుకు ముందు చెబుతాను. ఆయనకు కోపం రావచ్చు.

శుక్రవారం ఏ కబురైనా నేనే ఫోను చేస్తాను. అప్పుడు అనికను పక్కగదిలోకి పంపకండి. వాళ్లమ్మ పొరపాటు చేసిందని నా నోటివెంటే విననివ్వండి.

ఇట్లు,
మీ భార్య, అనిక వాళ్లమ్మ,
షెరిన్