టీచరుగారి లాప్‌టాప్

మంగళవారం, షాపు నుంచి

మా అక్కని భరిస్తున్న బావకి,

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ అందింది. ఇంకా విడుదల కాని ఆపరేటింగ్ సిస్టమ్‌ని పరీక్షించమని మీ కంపెనీ నీకిస్తే, నువ్వు దాన్ని నాకు తోసేశావు. నీ పని నా నెత్తిన పెట్టడం నీకు పెళ్ళినాటి నుంచీ అలవాటే కదా. ఫోన్ చేస్తే అక్క స్పీకరు పెట్టమంటుంది, అందుకే కాగితం మీద రాస్తున్నాను.

నా బల్ల మీది కంప్యూటరు ముసలిది, దీన్ని మోయలేదు. అందుకని రిపేరుకి వచ్చిన ఒక లాప్‌టాప్‌లో వేశాను. అది వెనక వీధిలో ఉండే లెక్కల టీచరుగారిది. శనివారం పొద్దున తెచ్చింది. కీబోర్డు మీటలు సగం ఊడిపోయి, ఇస్త్రీపెట్టె కొస దిగినట్టు రేకు లోపలికి సొట్టపోయింది. "కింద పడిందా మేడం?" అన్నాను. "పడలేదు, కొట్టారు" అంది. ఆవిడ కింది పెదవికి రెండు కుట్లున్నాయి. మీటల సందుల్లో ఎండిన రక్తం కనిపించింది. స్పిరిట్‌తో తుడిస్తే దూది గోధుమరంగులోకి మారింది. "లోపలి ఫైళ్ళ జోలికి వెళ్ళకు తమ్ముడూ. గురువారం కోర్టులో చూపించాలి. ఇంకెక్కడా కాపీ లేదు, నా ఫోన్ ఆయన రోజూ తిప్పి చూస్తాడు" అని చెప్పి వెళ్ళింది.

ఇక నీ సిస్టమ్ సంగతి. తొమ్మిది సెకన్లలో లేచి కూర్చుంటోంది. మన ఒత్తులు మొదటిసారి ఉండాల్సిన చోట ఉన్నాయి, ‘క్ష్మి’ విరగలేదు. వెతికే పెట్టెలో సగం మాట కొట్టేసరికే ఫైలు తెచ్చి ముందు పెడుతోంది. లోపాలూ ఉన్నాయి. మూత మూసినా నిద్రపోదు. ఫ్యాను ఒకటే రొద. అయినా నాలుగు రోజులుగా దీన్ని వదల్లేకపోతున్నాను. ఎక్కించేటప్పుడు ఒక చిన్న తేడా జరిగింది. అది తర్వాత రాస్తాను.

నీ
బావమరిది

శుక్రవారం, ఇంటి నుంచి

బావా,

ఈ పాటికి నేను ఒకణ్ణి కొట్టానని నీ చెవిన పడే ఉంటుంది. ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. పక్క షాపు ఫొటోగ్రాఫరు వచ్చి భుజం తట్టి, "మంచి పని చేశావయ్యా, అలాంటివాడికి అదే మందు" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. జరిగింది నీకైనా చెప్పాలి.

ఆ లాప్‌టాప్ డిస్కులో ఖాళీగా ఉన్న భాగాన్ని ఎంచుకుని, అక్కడే ఎక్కించమన్నాను. నీ సిస్టమ్ మొత్తం డిస్కుని తుడిచేసింది. ఆవిడ భర్త ఆవిణ్ణి కొడుతుండగా తీసిన పదకొండు వీడియోలు అందులో ఉన్నాయి. లాప్‌టాప్‌ని భోజనాల బల్ల మీద తెరిచి ఉంచి, ఆరు నెలల పాటు తీసిందట. డిస్కు మీదికి కొత్తవి ఏవీ ఎక్కించకుండా ఆ క్షణమే ఆపేస్తే పోయినవి చాలావరకు వెనక్కి తీయొచ్చని మన పని చేసేవాడికి ఎవడికైనా తెలుసు. నేను ఆపలేదు. ఎలాగూ పోయాయి కదా, ఒక్క పూట నీ సిస్టమ్‌ని వాడి చూద్దాం అనుకున్నాను. ఆ పూట నాలుగు రోజులైంది. నీకు ఆ ఉత్తరం రాసిన మర్నాడు, బుధవారం ఆవిడ వచ్చినప్పుడు, "దెబ్బకి డిస్కు ముందే కాలిపోయింది మేడం, నేనేం చేయలేను" అన్నాను. ఆవిడ ఏడవలేదు. "సరే తమ్ముడూ" అని లాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకుంది.

ఆ మర్నాడు గురువారం కోర్టులో సాక్ష్యం లేదన్నారు. భర్త ఇంటి గడప తొక్కకూడదని ఆవిడ అడిగిన ఆర్డరు ఇవ్వలేదు. ఆ సాయంత్రమే అతను ఇంటికి వెళ్ళి, ఆవిడ ఎడమ చేతిని తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. జారిపోకుండా జుట్టు పట్టుకుని మరీ మూశాడట. ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళిన పక్కింటామె చెప్పింది.

వారం తర్వాత, అంటే నిన్న, అతను నా షాపుకి వచ్చాడు. అతనిది మలుపులో మందుల దుకాణం. జ్వరమొస్తే నాకు మాత్రలిచ్చేది అతనే. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. కౌంటరు మీద చేతులు ఆనించి నవ్వాడు.

"నీ పుణ్యాన బయటపడ్డానయ్యా" అన్నాడు.

"నేనేం చేశానండీ?"

"ఏమీ చేయలేదుగా. అదే నువ్వు చేసిన మేలు. ఆడవాళ్ళు లేనిపోనివి కల్పిస్తారు. నీలాంటి బుద్ధిమంతుడు డిస్కు పోయిందన్నాక ఇంకెవరు నమ్ముతారు?"

బల్ల మీద పాత చార్జరు ఒకటి ఉంది, ఇటుకంత బరువు. దాని తీగ పట్టుకుని తిప్పి కొట్టాను. మొదటి దెబ్బకి చెంప చీలింది. రెండో దెబ్బకి పన్ను ఊడి కౌంటరు అద్దం మీద పడింది. కింద పడ్డాక కూడా కొట్టాను బావా. అతను చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీదే కొట్టాను. చొక్కా అంతా రక్తం. ఫొటోగ్రాఫరు వచ్చి నన్ను వెనక నుంచి పట్టుకుంటేగానీ ఆగలేదు. పోలీసులు తీసుకెళ్ళి ఈరోజు పొద్దున వదిలారు. కేసు ఉంది.

ఆవిడ కోసం కొట్టాననుకుంటున్నారు అందరూ. కాదు. అతను నా అబద్ధాన్ని నా మొహం మీదే మెచ్చుకున్నాడు, అందుకు కొట్టాను. ఏం చేయాలో రాయి.

నీ
బావమరిది

సోమవారం

బావా,

నీ జవాబు పోయిన బుధవారం అందింది. నోరు మూసుకోమన్నావు. డిస్కు కాలిపోయిందన్న మాట మీదే నిలబడమన్నావు. పెన్‌డ్రైవ్ సంగతి బయటపడితే నీ ఉద్యోగం పోతుందని కూడా రాశావు. నీ భయం నాకు అర్థమైంది. రెండు రోజులు నీ మాటే విన్నాను.

అయితే కిందటి ఉత్తరంలో నీకు కూడా ఒకటి దాచాను. వాటిని తుడిచేసే ముందు నేను ఒక వీడియో చూశాను. ఆవిడ వద్దని చెప్పి వెళ్ళిన పది నిమిషాలకే తెరిచాను. నాలుగు నిమిషాల పైచిలుకు ఉంది, చివరి దాకా చూశాను. పరాయి ఇంట్లోకి తొంగి చూసిన దొంగలా అనిపించి, ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. విరిగిన చేతితోనే ఆవిడ మళ్ళీ కోర్టుకి వెళుతోందని విన్నాక, వెళ్ళి ఆవిడ లాయరుని కలిశాను.

ఈరోజు బోనెక్కి మొత్తం చెప్పాను. అతను ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, తీగని చేతికి చుట్టుకోవడం. ఆవిడ బల్ల కిందికి దూరితే కాలు పట్టుకుని బయటికి లాగడం. "నెమ్మదిగా, పక్కింటివాళ్ళకి వినిపిస్తుంది" అని అతనే ఆవిడకి చెప్పి, నోటి మీద కొట్టడం. ఆవిడ వేసుకున్న పచ్చ జాకెట్టు. గోడ మీద పాఠశాల క్యాలెండరు. అతని లాయరు లేచి, "నా కక్షిదారుణ్ణి కొట్టి కేసులో ఇరుక్కున్నాడు, కక్షతో కల్పిస్తున్నాడు" అన్నాడు. జడ్జిగారు నన్ను ఆపి, ఆ గదిలో బల్ల ఎక్కడుంది, తలుపు ఎటువైపుంది, కిటికీకి తెర ఉందా అని అడిగారు. నేను ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు. అయినా అన్నిటికీ జవాబు చెప్పాను. అతను తల వంచుకుని తన గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు.

సిస్టమ్ ఎవరిచ్చారని కూడా అడిగారు. నీ పేరు చెప్పాను. మీ ఆఫీసు నుంచి ఫోను వచ్చేలోపే అక్కకి అంతా చెప్పెయ్యి. నన్ను ఎన్ని తిట్టాలనుకుంటే అన్ని తిట్టు.

ఆర్డరు ఇచ్చారు. అతను ఆవిడ ఉన్న వీధిలోకి కూడా రాకూడదు. అతన్ని కొట్టినందుకు నా మీద ఉన్న కేసు వదల్లేదు, వదలాలని నేనూ అడగలేదు.

బయట మెట్ల మీద ఆవిడ నిలబడి ఉంది, ఎడమ చేతికి పిండికట్టు. తల ఎత్తి చూడలేక, "తప్పైపోయింది మేడం" అన్నాను.

"చూశావన్నమాట" అంది.

"చూశాను మేడం."

"ఈ మూడు వారాలూ ఎవరిని కదిపినా ఆధారం లేదు, ఆధారం లేదన్నారు. మొన్నొక రోజు నాకే అనుమానం వచ్చింది తమ్ముడూ. నిజంగానే జరిగిందా, నేనే కల్పించుకున్నానా అని."

ఫైళ్ళ సంచి మోస్తానన్నాను. "వద్దు" అంది. కుడి చేత్తో సంచి తీసుకుని, గోడ వారగా ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

నీ
బావమరిది