సర్కారును ముట్టని బుజ్జిబాబు

మే 3, ఆదివారం
ఈ రోజు తెలుగు సంఘంలో నా ప్రసంగం అదిరింది! తెలుగు నేలకు దూరంగా ఈ రైల్వే ఊళ్లో, ఝపటాపూర్‌లో ట్యూషన్ పెట్టుకుని ఎకనామిక్స్ చెప్పే నన్ను ఇన్నాళ్లకు మైకు ముందుకు పిలిచారు. సర్కారు ధరల జోలికి రాకూడదు, రాయితీలు పంచకూడదు, పక్కకు తప్పుకుంటే అన్నీ బజారే చూసుకుంటుంది అన్నాను. చప్పట్లు!

అంతలో జ్ఞానప్రకాశం మాస్టారు లేచారు. ప్రభుత్వ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి. దేశానికి ఏ జబ్బు చేసినా ఆయన దగ్గర మందు ఒకటే. ఇంకో ప్రభుత్వ పథకం.

"బుజ్జిబాబూ, నీ నెత్తి మీద కప్పు రైల్వేది కాదేటి?"

హాలంతా నవ్వు. రోషం వచ్చింది. అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను. 24న ఆయనకూ నాకూ చర్చ. అప్పటిదాకా సర్కారు ఇచ్చేదేదీ ముట్టను!

మే 4
రేషన్ బియ్యం పక్కింటికి ఇచ్చేశాను. కొళాయి కట్టేసి నీళ్ల డబ్బాలు తెప్పించాను. స్వేచ్ఛ రుచే వేరు!

ఇక క్వార్టర్స్ సంగతి. అది నా భార్య ప్రశాంతిది. రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. మొగుడు పెళ్లాం ఇంట్లో ఉండటం ప్రైవేటు ఒప్పందం. ఈ ముక్క ఆమెకు చెప్పాను.

"అలాగయితే గిన్నెలు తోమడం కూడా ఆ ఒప్పందంలో ఎట్టండి."

తోమాను.

మే 7
రోడ్డు మున్సిపాలిటీది. కనుక పక్కన మట్టిలో నడిచాను. ఆ మట్టి రైల్వేదట! ప్రశాంతి చెప్పి మరీ నవ్వింది.

రోడ్డుకు మినహాయింపు. నేను కదలకపోతే జనానికి స్వేచ్ఛ గురించి ఎవరు చెబుతారు?

మే 11
నీళ్ల డబ్బాలు తెచ్చే బెంగాలీ అన్న, మా నీళ్ల దాదా, రాలేదు. తాల్‌బగీచాలో పెళ్లికి వెళ్లాడట. డిమాండు వంటింట్లో, సప్లై పెళ్లి పందిట్లో. ఎండ మండిపోతోంది. కొళాయి విప్పాం. అయితే కాచి తాగాం. కాచాక అవి ప్రైవేటు నీళ్లే.

మే 14
అమ్మ నీరసంగా ఉంది. ఎండ దెబ్బే అయ్యుంటుంది. మజ్జిగ ఇచ్చి వచ్చి ప్రసంగం రాసుకున్నాను. మాస్టారు రెండో పేరాకే పడిపోవాలి!

మే 18
సాయంత్రం కాలబైశాఖి గాలివాన. కరెంటు పోయింది. వంటింట్లో చప్పుడు. అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. ప్రశాంతి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. లేవదీసి గోడకు ఆనించి, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగాను.

"నేదురా. అయి రైలాస్పత్రియి కదా. నాను మింగితే నీ మాట పోద్దని మానేసినాను."

ఈ ఇంట్లో నా ప్రతిజ్ఞను నిజంగా పాటించింది ఆవిడొక్కతే.

ఆటోవాళ్లు ఈ వానలో రామన్నారు. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఫోను ఎత్తలేదు. చివరికి మాస్టారికి చేశాను. పాత కారులో లుంగీతోనే వచ్చేశారు. గుమ్మంలో నిలబడి ఆయన వంకే చూశాను.

"ఏటలా సూస్తావు? కారు నాది, పెట్రోలు నాది, సర్కారుది ఏటీ నేదు. మీ అమ్మని ఎక్కించు ముందల!"

వెనక సీటు నిండా ఆయన మనవరాలు తబిత పుస్తకాలు. ప్రైవేటు ట్యూషనువి. వేరే రోజైతే వదిలేవాణ్ణి కాదు.

రైల్వే ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు.

మే 20
అమ్మ ఇంటికొచ్చింది. బీపీ దిగింది.

"పంతం మీది, మాత్తర్లు అత్తవి," అంది ప్రశాంతి. ప్రసంగం చించేశాను.

మే 24
హాలు కిటకిట. అమ్మ వద్దన్నా వినకుండా వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మాస్టారు అరగంట దంచారు. ఆసుపత్రి ఊసే ఎత్తలేదు.

"ప్రతిజ్ఞ నిలబెట్టుకున్నారా?" అని అడిగాడు అధ్యక్షుడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ లేచింది.

"మా ఓడు ఏటీ ముట్టనేదు! నాను సాచ్చికం!"

చప్పట్లే చప్పట్లు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఊరుకుంటే చాలు, గెలిచినట్టే.

ఊరుకోలేకపోయాను. "ముట్టాను," అన్నాను. నీళ్లు, రోడ్డు, ఆసుపత్రి, మాత్రలు మానేసిన అమ్మ, అన్నీ చెప్పేశాను. తర్వాత ఇందాకటికంటే గట్టిగా చప్పట్లు!

మాస్టారు నా చెవి దగ్గరకు వంగారు. "ఇదేటి అన్యాయం? గెలిసింది నేను. సప్పట్లు ఓడిపోయినోడికా?"

"బజారండీ మాస్టారూ. రేటు కట్టేది జనం."

దారి పొడవునా అమ్మ చీవాట్లు. "నాను అబద్దమాడినాక నువ్వేల నిజం సెప్పినావు? నలుగురిలో నా పరువు తీసినావు!"

మే 25
ఈ రోజు నుంచి మళ్లీ ప్రతిజ్ఞ! ఈసారి పక్కాగా. మినహాయింపులు: అమ్మ మందులు, ఆసుపత్రి, కొళాయి, రోడ్డు, ప్రశాంతి క్వార్టర్స్. రేషన్ బియ్యం కూడా. పక్కింటివాళ్లు మిగిలింది తిరిగిచ్చేశారు.

ఇక మిగిలింది పోస్టాఫీసు. చచ్చినా దాని మెట్లెక్కను!

ఎలాగూ నేను ఎవరికీ ఉత్తరాలు రాయను.